పొడుంబుడ్డి మీది దీవెనలు

చైనాను 1644 నుంచి 1912 దాకా ఏలిన చింగ్ వంశపు కాలంలో ముక్కుపొడుం దాచుకోవడానికి తయారైన బుడ్లు సాధారణంగా 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉంటాయి. గుప్పిట మూస్తే కనబడకుండా పోయే ఆ కొద్దిపాటి చోటులో గబ్బిలాలు, జింకలు, పిల్లులు, సీతాకోకచిలుకలు, తామరపూలు, కాయలతో బరువెక్కిన తీగలు, గుర్రమెక్కిన కోతులు ఒకదాని పక్కన ఒకటి చేరి ఉండడం చూసిన వారికి, ఇదంతా ఖాళీ జాగా నింపడానికి పనివాడు పడిన సరదా అనిపించడం సహజమే. అయితే ఆ బొమ్మల్లో చాలా వాటికి ఒక ఉచ్చారణ ఉంది, ఆ ఉచ్చారణలో ఒక దీవెన ఉంది, ఆ దీవెన అందుకోవలసిన మనిషి ఒకరు ఉన్నారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూసినప్పుడే ఈ బుడ్లు తెరుచుకుంటాయి. వాటి మీది బొమ్మ మొదట చెవికి అందాలి, తరువాత బొటనవేలికి తగలాలి, కంటి వంతు ఆ పైన వస్తుంది.

పొగాకు 16వ శతాబ్దపు చివరి భాగంలో ఫిలిప్పీన్స్ మీదుగా చైనా తీరానికి చేరింది. మింగ్ వంశపు చివరి పాలకులూ, వారి తరువాత వచ్చిన చింగ్ వంశపు మంచూ పాలకులూ పొగ తాగడాన్ని ఆపడానికి ప్రయత్నించారు గాని, పొడుం దారి వేరుగా సాగింది. యూరప్ నుంచి వచ్చిన జెస్యూట్ మతగురువులు కానుకగా తెచ్చిన ఆ మెత్తని పొడిని పడిశానికీ తలనొప్పికీ పనికివచ్చే మందుగా భావించినందువల్ల దానికి దర్బారులో గౌరవస్థానమే దక్కింది. 1684లో దక్షిణదేశ పర్యటనలో భాగంగా నాంజింగ్ నగరానికి వచ్చిన కాంగ్‌షీ చక్రవర్తి, అక్కడి జెస్యూట్లు సమర్పించిన వస్తువుల్లో పొడుం ఒక్కటి ఉంచుకుని తక్కినవి తిరిగి ఇచ్చివేసినట్లు ఆనాటి క్రైస్తవ వర్గాల రచనల్లో ఉంది. యూరప్‌లో పొడుం పెట్టుకునేది మూత ఉన్న చదునైన డబ్బీలో. చైనాలోని తేమగాలికి ఆ డబ్బీలో పొడుం ముద్దకట్టుకుపోయేది. మాత్రలూ చూర్ణాలూ దాచుకునే చిన్న మందుసీసాలు అక్కడ ముందునుంచీ ఉన్నాయి కాబట్టి, మందుగా వచ్చిన పొడుం మందుసీసాలోకే చేరింది. ఇరుకైన మూతి, దానికి బిగుతైన బిరడా, బిరడా అడుగున దంతంతోనో వెదురుతోనో చేసిన బుల్లి చెంచా అమరడంతో బుడ్డి రూపం స్థిరపడింది. 18వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే వాంగ్ షిజెన్ అనే కవి, అధికారి తన రచనలో పొడుం గురించి చెబుతూ, అది కళ్లకు మేలు చేస్తుందనీ అంటురోగాలను దూరం పెడుతుందనీ, దాన్ని రంగురంగుల గాజుబుడ్లలో ఉంచి దంతపు చెంచాతో తీస్తారనీ రాశాడు.

గాజుబుడ్ల వెనుక కూడా జెస్యూట్ల చెయ్యి ఉంది. 1696లో కాంగ్‌షీ ఆజ్ఞ మీద బీజింగ్‌లో రాజప్రాసాదపు గాజు కర్మాగారం మొదలైనప్పుడు దాన్ని నడిపించినవాడు కిలియన్ ష్టుంప్ఫ్ అనే జర్మన్ మతగురువు. కాంగ్‌షీ, ఆయన కొడుకు యోంగ్‌జెంగ్, మనుమడు చియన్‌లోంగ్ ఈ ముగ్గురి కాలంలోనూ ప్రాసాదపు పనిశాలల్లో తయారైన బుడ్లు మంత్రులకూ, సేనానులకూ, విదేశీ రాయబారులకూ చక్రవర్తి చేతి మీదుగా వెళ్లాయి. పై నుంచి కిందికి సాగిన ఈ కానుకల అలవాటు కాలక్రమాన కింది నుంచి పైకీ, సాటివారి మధ్యకూ పాకింది. పుట్టినరోజుకూ పదవి వచ్చినప్పుడూ బుడ్డి ఇవ్వడం, దారిలో ఎదురైన మిత్రుడికి తన బుడ్డి చాపి ఒక చిటికెడు తీసుకోమనడం మర్యాదగా మారాయి. కానుక ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడు, ఏదో ఒక మంచి మాట చెప్పి ఇస్తాడు. పెద్దలు అక్షతలు వేస్తూ పలికే మాట వంటి ఆ మాటే బుడ్డి మీద బొమ్మగా నిలిచింది.

ఆ బొమ్మలకు ఆధారం చైనా భాషలోని ఒక గుణం. దానిలో పదాలు పొట్టివి, వాటి ఉచ్చారణలు పరిమితమైనవి, అందువల్ల ఒకే ధ్వని ఎన్నో అర్థాలను మోస్తుంది. రాసినప్పుడు లిపి వాటిని వేరు చేస్తుంది గాని పలికినప్పుడు అవి ఒకటిగానే వినబడతాయి. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ నడవడం ఎరిగిన తెలుగు పాఠకులకు శ్లేష కొత్తది కాదు. తెలుగులో శ్లేష అక్షరాల్లో ఉండి వినేవాడి కోసం ఎదురుచూస్తుంది. ఈ బుడ్ల మీద అది బొమ్మలో దాగి, చూసేవాడు ఆ బొమ్మ పేరును లోలోపల పలికిన క్షణంలో బయటపడుతుంది. పేరు పలకని కంటికి ఇక్కడ దొరికేది సగమే.

గబ్బిలాన్నే తీసుకోవచ్చు. గబ్బిలాన్ని చైనా భాషలో పిలిచే మాటలో రెండో భాగం ఫు. భాగ్యం, శుభం అనే అర్థమిచ్చే మాట కూడా ఫు, స్వరం సైతం ఒకటే. అంతమాత్రాన చీకటిలో తిరిగే ఈ ప్రాణి పెళ్లి బట్టల మీదా సింహాసనాల మీదా చోటు సంపాదించుకుంది. తెలుగు నేల మీద గబ్బిలం ఇంట్లో దూరితే కీడు అనుకునేవారే ఎక్కువ. 1941లో వచ్చిన జాషువా కావ్యంలో అది అంటరానివాడి గోడును కాశీలోని శివుడి చెవిన వేయబోయే దూత, తక్కిన లోకం గడప తొక్కని గుడిసెలోకి వచ్చిన ఏకైక అతిథి. అక్కడ కవి కరుణ గబ్బిలానికి గౌరవమిస్తే, ఇక్కడ ఒట్టి ఉచ్చారణ ఇచ్చింది. ఎర్రటి గబ్బిలమైతే మరీ విశేషం, ఎరుపుకూ అపారమనే మాటకూ ధ్వని ఒకటి కావడంతో అది అపారమైన భాగ్యమవుతుంది. ఐదు గబ్బిలాలు కలిసి ఎగిరితే అవి పంచభాగ్యాలు. ప్రాచీన గ్రంథమైన షూజింగ్‌లో చెప్పిన ప్రకారం ఆ ఐదూ దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన నెమ్మది, ధర్మం పట్ల ప్రేమ, ఆయుష్షు తీరాక వచ్చే సహజమరణం. ఈ ఐదోదాని దగ్గర కాసేపు ఆగాలి. చావునే తప్పించమని కోరే దురాశ అందులో లేదు; యుద్ధంలోనో, రోగంతోనో, రాజదండనతోనో కాక, తన పడక మీద తన వారి మధ్య తన కాలం ముగియాలని కోరడం, దాన్ని భాగ్యాల్లో ఒకటిగా లెక్కించడం మనుషుల బతుకును దగ్గరగా చూసినవారికే తోచే సంగతి.

పిల్లి సీతాకోకచిలుక వైపు తలెత్తి చూస్తున్న బొమ్మ ఈ బుడ్ల మీద తరచుగా కనిపిస్తుంది. పిల్లి మావో, సీతాకోకచిలుక దియే. ఈ రెండు ధ్వనులూ, మొదటిదానిలో స్వరం కొద్దిగా మారినా, డెబ్బై ఎనభై తొంభై ఏళ్ల పండువయసును చెప్పే మాటను తలపిస్తాయి కాబట్టి, ఆ ఆటలాడే పిల్లి నిజానికి నిండు నూరేళ్లు బతకమనే దీవెన. గుర్రం మీద కూర్చున్న కోతి మరింత ముచ్చటైనది. గుర్రం మీద అనే మాటకు చైనా భాషలో తక్షణమే అనే అర్థం కూడా ఉంది; కోతిని పిలిచే హౌ అనే ధ్వనే ఒక ఉన్నత ప్రభుపదవికి పేరు; ఆ రెంటి పైన ఒక తేనెటీగ ఎగిరితే దాని పేరైన ఫెంగ్, పదవిని ప్రదానం చేయడం అనే క్రియ అవుతుంది. మూడు ప్రాణులూ కలిసి, వెంటనే నీకు ప్రభుపదవి దక్కాలి అనే పూర్తి వాక్యాన్ని పలుకుతాయి. ఒంటి కొంగ తామరల మధ్య నిలబడితే, ఒకే దారిలో వరసగా పరీక్షలు గట్టెక్కమని అర్థం: కొంగకూ దారికీ ధ్వని లూ, తామరకూ వరసకూ ధ్వని లియన్. పూరేడు పిట్ట శాంతి, చేమంతి నివాసం, రెండూ ఒకచోట ఉంటే ప్రశాంతమైన కాపురం. ఇటువంటి జంటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. చిత్రకారుడు ప్రకృతిలో కలిసి కనబడే వాటిని గీయడం లేదు, పలుకులో కలిసే వాటిని గీస్తున్నాడు. అందుకే ఒక్కొక్క బుడ్డి మీద లోకంలో ఎన్నడూ ఎదురుపడని ప్రాణులు పక్కపక్కన నిలబడతాయి.

అన్ని గుర్తులూ ధ్వని మీద ఆధారపడినవే అనడం పొరపాటు. చలికాలంలోనూ ఆకు రాల్చని పైన్, వంగినా విరగని వెదురు, మంచులో పూసే ప్లమ్ పూలు ఈ మూటినీ శీతకాలపు ముగ్గురు స్నేహితులంటారు. అవి తమ స్వభావంతోనే గుర్తులైనవి. గింజలతో నిండిన దానిమ్మ పగిలి కనిపిస్తే అది బహుసంతానానికి సూచన. తీగకు వరసగా కాసిన పిందెలూ కాయలూ వంశం తెగకుండా సాగడానికి గుర్తన్న భావం షీజింగ్ అనే అతి ప్రాచీన గీతాల సంకలనంలోనే ఉంది. ఆ తీగ మీద ఒక సీతాకోకచిలుకను కూడా వాలనిచ్చారంటే, దాని పేరు పిందెను చెప్పే పాతమాటతో ధ్వనిలో కలుస్తుంది గనకే. ఈ విధంగా స్వభావమూ శ్లేషా ఒకే తీగను అల్లుకున్నాయి.

ఈ దీవెనలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే అవి కొద్ది కోరికల చుట్టూనే తిరుగుతాయి: పిల్లలు, ఆయుష్షు, పరీక్ష, పదవి, ఇంట్లో నెమ్మది. ఇది కల్పనాశక్తి లేకపోవడం అనుకోవడానికి వీలులేదు. పుట్టిన పిల్లలు నిలవడం సందిగ్ధమైన రోజుల్లో, ఒక మనిషి గెలుపు కుటుంబాన్నంతా పైకెత్తే ప్రభుత్వ పరీక్షల కోసం తల నెరిసేదాకా చదివేవారున్న సమాజంలో, జనం నిజంగా దేనికోసం తపించారో, దేన్ని పోగొట్టుకుంటామని భయపడ్డారో అవే బుడ్ల మీదికి ఎక్కాయి. ఆ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. కొంగా తామరా ఉన్న బొమ్మ ఆ తరువాతా అందంగానే ఉంది గాని, ఆ దీవెన తీరే దారి మూసుకుపోయింది.

ఆ రోజుల్లో బుడ్డి ఇరవైనాలుగు గంటలూ మనిషి ఒంటిని అంటిపెట్టుకుని ఉండిన వస్తువు. నడుముకు కట్టిన సంచిలోనో, చేతిగుడ్డ మడతలోనో ఉండి, రోజుకు ఎన్నోసార్లు బయటికి వచ్చి, పొడుం తీసినా తీయకపోయినా వేళ్ల మధ్య తిరుగుతూ ఉండేది. ఈ స్పర్శ కోసమే పుట్టిందా అనిపించే పద్ధతి రెండు పొరల గాజు. పాలవంటి తెల్లని గాజునో, లోపల మంచురేకుల వంటి మచ్చలున్న గాజునో బుడ్డిగా ఊది, దాన్ని కరిగిన ఎర్రగాజులో ముంచి పైన రెండో పొర ఎక్కిస్తారు. చల్లారిన తరువాత, కాలితో తొక్కి తిప్పే సానచక్రానికి కురువిందం వంటి గట్టిరాళ్ల పొడినీ నీళ్లనూ అందిస్తూ, బొమ్మకు అక్కరలేని ఎరుపునంతా అరగదీస్తారు. మిగిలిన ఎరుపు తెల్లని నేల మీద ఉబ్బి నిలుస్తుంది. కత్తితో చెక్కే పని ఇందులో లేదు, అంతా అరగదీతే; కాబట్టి మంచి పనివాడి చేతిలో అంచులు పదునుగా కోసుకోకుండా గుండ్రంగా తిరుగుతాయి, గబ్బిలపు రెక్క చివర బొటనవేలికి తెలుస్తుంది, తామరాకు మడత కింద వేలికొన ఆగుతుంది. చీకట్లో సైతం యజమాని తన బుడ్డి మీది పీచ్ పండు ఎక్కడుందో గుర్తుపట్టగలిగేవాడు. పాత బుడ్ల మీద కొన్నిచోట్ల ఆ ఉబ్బు నునుపుదేరి, గీతలు మాసిపోయి కనిపిస్తాయి. వేలంపాటల్లో అరుగుదల ధరను తగ్గించే లోపం కావచ్చు గాని, ఆ దీవెన ఎన్ని వేలసార్లు తడిమి చూసుకోబడిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

రాతి బుడ్ల సంగతి ఇంకా లోతైనది. అగేటు అనే చారల రాయిలో ప్రకృతిసిద్ధంగా ముదురు గోధుమరంగు మచ్చలుంటాయి. ఆ మచ్చ ఏ లోతులో ఉందో, ఎటు పాకిందో తెలిసిన పనివాడు, పైనున్న లేతరంగు పొరను తీసివేస్తూ మచ్చను పక్షిగానో, కోతిగానో, పడవ మీద జాలరిగానో బయటికి తెస్తాడు. మరికొన్ని బుడ్లలో అతడు మచ్చను ముట్టుకోనే ముట్టుకోడు. దాని చుట్టూ బుడ్డిని మలిచి, లోపల నుంచి రాయిని పలచగా తొలిచి, వెలుగు దూరేలా చేసి ఊరుకుంటాడు. అప్పుడు అదే మచ్చ ఒకరికి గద్దగా కనిపిస్తుంది, మరొకరికి మరొకటి తోస్తుంది. అలంకార శిల్పంలో ఇంతకు మించిన నిగ్రహం అరుదు. మూతి వేలుకూడా దూరనంత ఇరుకుగా ఉండగా, వంపు తిరిగిన పనిముట్లను ఆ సందులోంచి దింపి, గట్టి రాయిని భుజాల దాకా తొలచడానికి పట్టిన ఓపిక బయటికి ఏమాత్రం కనబడదు. బాగా తొలిచిన అగేటు బుడ్డి నీటి మీద తేలుతుంది; రాయి తేలడమనే ఆ ఒక్క పరీక్షలోనే పనివాడి నెలల శ్రమ తెలిసిపోతుంది.

భుజాల దగ్గర రెండు వైపులా నోట కడియం పట్టుకున్న మృగముఖం చాలా బుడ్ల మీద ఉంటుంది. అది ప్రాచీన కంచుపాత్రల పిడుల నుంచి, ద్వారబంధాల కడియాల నుంచి వచ్చిన రూపం. పెద్ద పాత్రను ఆ కడియాలతో ఎత్తేవారు; రెండంగుళాల బుడ్డి మీద ఆ కడియం కదలదు, దాన్ని పట్టి ఎత్తేవారూ ఉండరు. అయినా దాన్ని మానలేదు, కాపలా కాసే ముఖం కాపలా కాస్తూనే ఉండాలన్న నమ్మకమే కారణం కావాలి. ఇందుకు పూర్తిగా భిన్నంగా, రాజప్రాసాదంలో రాగి మీద మీనాకారీ పని చేసిన బుడ్ల మీద యూరప్ దేశపు స్త్రీలూ పిల్లలూ కనిపిస్తారు. వారి బొమ్మలకు శ్లేష లేదు, దీవెన లేదు, పొడుం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుచేసే దూరదేశపు ముఖం మాత్రమే ఉంది. 18వ శతాబ్దపు గొప్ప నవల ‘ఎర్రభవనపు కల’లో, జలుబుతో బాధపడే పనిపిల్ల ఛింగ్‌వెన్‌కు కథానాయకుడు తెప్పించి ఇచ్చే విదేశీ పొడుం ఉన్న గాజుడబ్బీ లోపల, రెక్కలున్న పసుపురంగు జుట్టు పాశ్చాత్య స్త్రీ బొమ్మ మీనాకారీలో వేసి ఉంటుంది. పొడుం అప్పటికీ ఒక పక్క మందుగా, మరో పక్క పరదేశపు వింతగా ఉండేదని ఆ చిన్న సన్నివేశం తెలుపుతుంది. ఆ తరువాతి కాలంలో ఆ నవలలోని పాత్రలే బుడ్ల మీద బొమ్మలయ్యాయి.

19వ శతాబ్దంలో మరొక పద్ధతి వచ్చి ఈ కథను మలుపు తిప్పింది. స్ఫటికంతోనో, తేట గాజుతోనో చేసిన బుడ్డి లోపలిగోడను ఇనుపరజనూ నీళ్లూ పోసి ఊపి గరుకు చేస్తే అది కాగితంలా రంగును పట్టుకుంటుంది. కొన వంచిన సన్నని వెదురు కలాన్ని మూతిలోంచి దింపి, బయటి నుంచి చూస్తూ లోపల చిత్రం వేస్తారు. బయటివాడికి ముందుగా కనబడవలసిన గీతను ముందుగా వేసి, వెనుక ఉండవలసిన రంగును తరువాత పూయాలి, అక్షరాలను తిరగరాయాలి. బీజింగ్‌లో 1880ల నుంచి 1893 దాకా పనిచేసిన జో లెయువాన్ ఈ ఇరుకులో కొండలూ వాగులూ పల్చని పొగమంచూ ఉన్న ప్రకృతిదృశ్యాలను, కాగితం మీద సిరాతో వేసే చిత్రకారుల సాటిగా వేశాడు. మా షావోషువాన్ మనుషుల ముఖాలను ఛాయాచిత్రమంత కచ్చితంగా దింపాడు. పీకింగ్ సంగీతనాటకరంగ నటుడు తాన్ షిన్‌పే ఆయన బుడ్లలో వేషంతో నిలబడి ఉంటాడు, వెనుకవైపు చక్కని దస్తూరీ ఉంటుంది.

ఈ బుడ్లను తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. కానీ వీటితో ఒకటి దక్కింది, ఒకటి పోయింది. చెంచా గీరితే చిత్రం చెడుతుంది గనక వాటిలో పొడుం పోసే అలవాటు క్రమంగా తగ్గింది, బొమ్మ గాజుకు అవతలికి వెళ్లడంతో వేలికి నున్నని గోడ తప్ప ఏదీ తగలదు, జో లెయువాన్ కొండల్లో పలికి తెలుసుకోవలసిన దీవెన కూడా సాధారణంగా ఉండదు. దీవెన చెప్పే వస్తువు క్రమంగా చిత్రం చూపే వస్తువైంది. అదే తరంలోని యే జోంగ్‌సాన్ మాత్రం పాత దారిని పూర్తిగా వదలలేదు. ఆయన ఎంతో ఇష్టంగా వేసిన బంగారుచేపలు గాజులో ఈదుతున్నట్లే ఉంటాయి. వాటి పేరు జిన్ యూ, బంగారమూ జేడ్ రాయీ అనే మాట జంట కూడా జిన్ యూ, కాబట్టి ఆ చేపలు ఇల్లంతా సంపదతో నిండాలని అంటున్నాయి. వేలికి అందకపోయినా ఆ బొమ్మ చెవికి అందుతూనే ఉంది.

ఈనాడు ఈ బుడ్లు మ్యూజియం అద్దాల వెనుక, పెద్ద సంగ్రహాల సొరుగుల్లో ఉన్నాయి. 19వ శతాబ్దంలోనే చైనా పండితుడు జావ్ జిచియన్ పొడుం గురించీ బుడ్ల గురించీ ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. 1968లో అమెరికాలో సేకర్తలు ఒక సంఘాన్ని స్థాపించుకుని పత్రిక నడిపారు. ఆ కృషి వల్లనే చైనా భాష రానివారికి గబ్బిలమెందుకో, కోతి ఎందుకో తెలిసింది. అయితే బుడ్డి కింద పెట్టే చీటీలో రాయి పేరు, కాలం, కొలతలు రాసి ఊరుకోకుండా, ఆ బొమ్మను ఎలా పలకాలో, పలికితే ఏ వాక్యమవుతుందో కూడా రాయడం ప్రదర్శనశాలల కనీస కర్తవ్యంగా భావించాలి; అది లేకపోతే చూసేవారికి ఉత్తరం చించేసి కవరు చూపించడమే. యే జోంగ్‌సాన్ కొడుకుల దగ్గర పని నేర్చిన వాంగ్ షీసాన్ హెబే రాష్ట్రంలోని హెంగ్‌ష్వీలో స్థిరపడి, ఎందరో శిష్యులను తయారుచేయడంతో అక్కడ లోపలిగోడ చిత్రాల పని నేటికీ బతికి ఉంది. పొడుం పీల్చేవారు దాదాపు కనుమరుగైనా హెంగ్‌ష్వీ చిత్రకారులు తమ కొత్త బుడ్లలో చేపలనూ, పూరేళ్లనూ, సీతాకోకచిలుక వైపు తలెత్తిన పిల్లులనూ ఇంకా వేస్తున్నారు, కొనేవారు వాటిని పుట్టినరోజుకు పెద్దవారికి ఇస్తున్నారు.